నొప్పి ఎన్ని గంటలకు మొదలైంది?

అబిడ్స్‌లో తలనొప్పికి మందు వెతుక్కుంటూ ఎక్కువ దూరం నడవక్కర్లేదు. జీపీఓ దగ్గర నిలబడి ఏ వైపు వెళ్లినా కాసేపట్లో ఒక మెడికల్ షాపు, ఆ తర్వాత ఒక కళ్లజోళ్ల దుకాణం తగులుతాయి. రోజంతా కౌంటర్ వెనక నిల్చుని, రాత్రి షట్టర్ దించే వేళకు తల దిమ్మెక్కిన సేల్స్‌మన్ ముందు మాత్ర కొనుక్కుంటాడు. నాలుగు రోజులకు అది పనిచేయడం మానేస్తుంది. "ఒకసారి కళ్లు చూపించుకోరాదన్నా" అని పక్కషాపు కుర్రాడు అంటాడు. వెళ్లి అద్దాలు కొనుక్కుంటాడు. అటు మెడికల్ షాపులోగానీ ఇటు కళ్లజోళ్ల దుకాణంలోగానీ అతన్ని ఎవరూ ఒక మాట అడగరు: నొప్పి ఎన్ని గంటలకు మొదలవుతోంది? ఆ సమయానికి కళ్లు ఏం పని మీద ఉన్నాయి?

ఈ అధ్యాయంలో మనం నేర్చుకోబోయేది ఆ ప్రశ్న మనకు మనమే వేసుకోవడం. మాటిమాటికీ వచ్చే తలనొప్పికి కళ్లు కారణం కావచ్చు, కాకపోనూవచ్చు. నిజానికి జనం అనుకున్నంత తరచుగా కావు. తిరగబెట్టే తలనొప్పుల్లో ఎక్కువ భాగం ఒత్తిడి వల్ల వచ్చేవి, లేదంటే మైగ్రేన్ అనే పార్శ్వపు నొప్పులు. అయితే కళ్లే కారణమైన చోట మాత్రం దాన్ని పట్టుకోవడమూ సులువే, నయం చేసుకోవడమూ సులువే. ఏదీ కొనకముందే, ఎంతవరకు కళ్ల తప్పో తేల్చుకోవచ్చు.

దగ్గరి చూపుకు పడే శ్రమ

సైటు లేని కంటికి దూరం చూడడం విశ్రాంతి. ఆరు మీటర్ల అవతల ఉన్న దేన్ని చూసినా అది పెద్దగా కష్టపడదు. దగ్గరిది చూడాలంటే మాత్రం లోపలి కటకం ఉబ్బాలి. ఆ పని చేయించేది దాని చుట్టూ ఉండే సీలియరీ కండరం. అదే సమయంలో రెండు కనుగుడ్లూ ముక్కు వైపు తిరగాలి. అది బయటి కండరాల వంతు.

కటకానికి పడే శ్రమను డయాప్టర్లలో కొలుస్తారు. లెక్క చాలా తేలిక: వందను సెంటీమీటర్లలో ఉన్న దూరంతో భాగించాలి. పుస్తకం 40 సెం.మీ. దూరంలో పట్టుకుంటే రెండున్నర డయాప్టర్లు. ఫోన్‌ను 25 సెం.మీ.కు తెచ్చుకుంటే నాలుగు. జగదీశ్ మార్కెట్లో సెల్‌ఫోన్ బోర్డు మీద సాల్డరింగ్ చేస్తూ 20 సెం.మీ.కు వంగిన మెకానిక్‌కు ఐదు.

కంటి దగ్గరున్న మొత్తం శక్తి ఎంత? ఇరవై ఏళ్లప్పుడు సగటున పన్నెండు డయాప్టర్ల పైన. నలభై ఏళ్లకు ఆరు, ఆరున్నర. యాభైకి మూడు, మూడున్నర. ఉన్నదాంట్లో సగం దాకా వాడుకుంటే కన్ను గంటల తరబడి ఇబ్బంది లేకుండా పనిచేస్తుంది. సగం దాటితే అలుస్తుంది. ఇప్పుడు ఒకే బల్ల మీద పనిచేస్తున్న ఇద్దరిని చూడండి. ఇరవై ఏళ్ల షాగిర్దుకు ఐదు డయాప్టర్లంటే సగం లోపే. రాత్రి దాకా వంగి కూర్చున్నా అతనికి మెడ నొప్పి రావచ్చుగానీ కళ్లు అలవవు. నలభై రెండేళ్ల ఉస్తాద్‌కు అదే ఐదు డయాప్టర్లు దాదాపు ఉన్నదంతా. సాయంత్రం నాలుగయ్యేసరికి కనుబొమల మీద బరువు మొదలవుతుంది. పని అదే, బల్ల అదే, లైటు అదే. మారింది వయసు ఒక్కటే. చత్వారం మొదలైన చాలామంది మొదట "అక్షరాలు కనిపించడం లేదు" అనరు. "సాయంత్రానికి తల పట్టేస్తోంది" అంటారు.

తెలుగు చదివేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. డీటీపీ చేసేవాళ్లను, ప్రూఫులు దిద్దేవాళ్లను అడగండి. ధకూ థకూ తేడా పొట్టలో ఒక చుక్క. పకూ షకూ తేడా ఒక చిన్న గీత. వాటికింద ఒత్తులు. పది పాయింట్ల అక్షరాల్లో ఈ తేడాలు పట్టుకోవాలంటే, ముఖం తెలియకుండానే తెరకు దగ్గరవుతుంది. ముఖం పది సెంటీమీటర్లు ముందుకు జరిగిన ప్రతిసారీ శ్రమ పెరుగుతుంది. అక్షరాల సైజు పెంచుకోవడం బద్ధకం కిందికి రాదు, చికిత్స కిందికే వస్తుంది.

వయసుతో పనిలేని కారణాలూ కొన్ని ఉన్నాయి. పుట్టుకతోనే కొద్దిపాటి ప్లస్ పవర్ ఉన్న కుర్రవాళ్లు దాన్ని కండరం బలంతో సర్దుకుని అన్నీ చూసేస్తారు. బోర్డు మీద ఆఖరి వరస కూడా చదువుతారు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పోటీ పరీక్షలకు చదవడం మొదలుపెట్టి, రోజుకు పది గంటలు పుస్తకం ముందు కూర్చున్నప్పుడు ఆ సర్దుబాటు కుదరదు. కొందరికి కంటి ముందుభాగం వంపు అన్నివైపులా ఒకేలా ఉండదు. దానికి ఇచ్చేదే సిలిండర్ పవర్. ఇంకొందరికి రెండు కళ్లూ లోపలికి తిరిగి నిలబడలేవు. చదువుతుంటే వరసలు ఒకదాని మీదికొకటి ఎక్కుతాయి, ఒక కన్ను మూస్తే హాయిగా ఉంటుంది. మైనస్ పవర్ సంగతి వేరు. దూరం మసకబారుతుందేగానీ దగ్గరి పనికి అది భారం కాదు. కాబట్టి తలనొప్పికి మైనస్ పవరే కారణం కావడం తక్కువ.

దీనికితోడు కళ్లు పొడిబారడం ఒకటి. 1993లో జపాన్ పరిశోధకులు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక లెక్క ప్రచురించారు. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి సగటున 22 సార్లు రెప్ప వేసేవాళ్లు పుస్తకం చదివేటప్పుడు 10 సార్లు, కంప్యూటర్ తెర ముందు 7 సార్లే వేశారు. మంట, ఇసుక పడ్డట్టు గరగర, కాసేపు మసక, రెప్ప వేస్తే తేట. ఇవన్నీ ఆ లెక్కలోంచి వచ్చినవే.

కంటి వెనక పొడిస్తే కంటిదే తప్పా?

కాదు. అందరం పొరబడేది ఇక్కడే. కంటికి, నుదుటికి, మెదడు పైపొరల్లో చాలా భాగానికి స్పర్శను అందించే నరం ఒక్కటే. దాని పేరు ట్రైజెమినల్. అందుకే కన్ను అలిసినా నుదురు నొప్పి పెడుతుంది, మెదడు పొరల దగ్గర మైగ్రేన్ రేగినా కంటి వెనక పొడుస్తుంది. పైగా మైగ్రేన్ వచ్చినవాళ్లకు వెలుతురు గిట్టదు. ట్యూబ్‌లైటు చూడలేక కళ్లు మూసుకుంటారు కాబట్టి, లైటు వల్లే, కళ్ల వల్లే నొప్పి వచ్చిందని నమ్మేస్తారు. నిజానికి నొప్పి వచ్చాకే వెలుతురు భరించరానిదయింది.

ఈ గందరగోళంలో మనకు చేతికి అందేది బామ్ డబ్బా. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారుచేయడం మొదలుపెట్టినప్పటి నుంచి తెలుగు ఇళ్లలో తలనొప్పికి మొదటి వైద్యం నుదుటి మీదే జరుగుతోంది. అందులో తప్పేమీ లేదు. ఆ ఘాటుకు చర్మం చల్లబడి, ధ్యాస మళ్లి, కాసేపు ఉపశమనం దొరుకుతుంది. కానీ కంటి లోపలి కండరానికి ఆ చల్లదనం చేరదు. రాసుకుని మళ్లీ అదే తెర ముందు కూర్చుంటే గంటలో నొప్పి తిరిగొస్తుంది.

ఆదివారం ఎలా ఉంటుంది?

అంతర్జాతీయ తలనొప్పి సంఘం 2018లో ప్రచురించిన వర్గీకరణలో సైటు వల్ల వచ్చే తలనొప్పికి కొన్ని గుర్తులు చెప్పింది. సరిగా కనిపించని దూరంలో, కోణంలో ఎక్కువసేపు చూస్తూ పనిచేస్తే నొప్పి పెరగాలి. పని ఆపితే తగ్గాలి. సరైన అద్దాలు పెట్టుకున్నాక బాగా తగ్గిపోవాలి. వీటిని మన బతుకులోకి తెచ్చుకుంటే మూడు ప్రశ్నలు తేలతాయి.

మొదటిది: పొద్దున లేచేసరికి ఉంటోందా? రాత్రంతా కళ్లు మూసుకుని నిద్రపోయాక కంటి అలసట మిగలదు. లేవడం లేవడమే తలనొప్పితో అయితే నిద్ర చాలకపోవడం, గురక, రాత్రి పళ్లు కొరుక్కోవడం, రక్తపోటు, మైగ్రేన్ లాంటి వేరే దారులు వెతకాలి.

రెండోది: పని ఆపిన అరగంటకో గంటకో తగ్గుతోందా? కంటి అలసట అయితే తగ్గుతుంది. మైగ్రేన్ మాత్రం మందు వేసుకోకపోతే నాలుగు గంటల నుంచి మూడు రోజుల దాకా ఉంటుంది. తరచుగా ఒకవైపు, నాడి కొట్టుకున్నట్టు, కడుపులో తిప్పుతూ, మెట్లెక్కినా పెరుగుతూ ఉంటుంది. తలకు పట్టీ బిగించినట్టు రెండువైపులా నొక్కేది ఒత్తిడి తలనొప్పి.

మూడోది: ఆదివారం వస్తోందా? అబిడ్స్‌లో ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి. ఆ షట్టర్ల ముందే ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల అంగళ్లు పరుచుకుంటాయి. కౌంటర్‌కు, కంప్యూటర్‌కు సెలవైన ఆ రోజు తలనొప్పి కూడా సెలవు తీసుకుంటే అనుమానం పనిమీదికీ కళ్లమీదికీ మళ్లాలి. ఆదివారమే ఎక్కువగా వస్తే? పొద్దెక్కేదాకా పడుకోవడం, టిఫిన్ ఆలస్యం కావడం, రోజూ షాపులో తాగే నాలుగైదు చాయ్‌లు ఇంట్లో పడకపోవడం చూడండి. కెఫీన్‌కు బాగా అలవాటుపడ్డ ఒళ్లు, అది ఒక్కసారిగా ఆగితే ఒక రోజు లోపే తలనొప్పి తెచ్చిపెడుతుంది. అయితే ఒక షరతు: ఆదివారమంతా పడుకుని ఫోన్ చూస్తే ఈ పరీక్ష చెల్లదు.

రెండు వారాల పుస్తకం

జేబులో పట్టే నోటుబుక్కు ఒకటి పెట్టుకోండి. నొప్పి వచ్చిన ప్రతిసారీ ఆరు విషయాలు రాయండి: మొదలైన సమయం, ఎక్కడ, అంతకుముందు రెండు గంటల్లో ఏం చేశారు, ఆఖరుసారి ఏం తిన్నారు, మాత్ర వేసుకున్నారా, ఎప్పుడు ఎలా తగ్గింది. ఆడవాళ్లు నెలసరి తేదీ కూడా రాసుకోవాలి. మైగ్రేన్‌కు దానితో దగ్గరి సంబంధం ఉంటుంది.

నాంపల్లి కోర్టుల చుట్టుపక్కల టైపింగ్ చేసేవాళ్ల పుస్తకంలో ఇలాంటి వరస ఉండొచ్చు:

"సోమవారం, సా. 4.30. కనుబొమల మీద బరువు. రెండింటి నుంచి అఫిడవిట్లు టైపింగ్, గ్యాప్ లేదు. అన్నం 1.30. మాత్ర లేదు. బయటికొచ్చి చాయ్ తాగి నిల్చుంటే అరగంటలో తగ్గింది."

ఇంకో రకం వరస ఇదీ:

"గురువారం, ఉ. 6.00. లేవగానే ఎడమ కణత. వాంతి వచ్చేలా ఉంది. రాత్రి ఒంటిగంటకు పడుకున్నా, అన్నం తినలేదు. మాత్ర ఒకటి. సాయంత్రం దాకా ఉంది."

మొదటి వరసే పదేపదే కనిపిస్తే కళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. రెండోదే ఎక్కువైతే కళ్లజోడు మీద డబ్బు పెట్టేముందు ఫిజీషియన్‌కు చూపించండి. రెండూ కలిసి ఉంటే ఆశ్చర్యపోవద్దు. మైగ్రేన్ స్వభావం ఉన్నవాళ్లకు కంటి అలసట కూడా నొప్పిని రేపే అవకాశం ఉంటుంది. అలాంటివాళ్లు రెండువైపులా సరిచేసుకోవాలి.

అద్దాలు చేయించుకునేటప్పుడు

కళ్లజోళ్ల దుకాణంలో గడ్డం ఆనించి చూపించుకునే మెషిన్ ఒక చీటీ ఇస్తుంది. దాన్నే పవర్ అనుకోవద్దు. పరీక్ష అక్కడ మొదలవుతుంది, అంతే. అక్షరాలు చదివిస్తూ, కటకాలు మారుస్తూ చేసే పరీక్షతోనే నంబర్ తేలుతుంది. కుర్రవాళ్లలో దాగి ఉన్న ప్లస్ పవర్ బయటపడాలంటే కళ్లలో చుక్కలు వేసి, కండరాన్ని సడలించి చూడాలి. చుక్కలు వేస్తే కొన్ని గంటలు మసకగా ఉంటుంది కాబట్టి బండి మీద వెళ్లకండి.

తలనొప్పి ఉన్నవాళ్లు ఒక్కసారైనా డాక్టర్ చేతనే పరీక్ష చేయించుకోవాలనడానికి పవర్‌ను మించిన కారణం ఉంది. డాక్టర్ కంటి వెనక నరం ఎలా ఉందో చూస్తారు, కంటి ప్రెషర్ కొలుస్తారు. తల లోపల ఒత్తిడి పెరిగితే ఆ నరం వాపు పట్టుబడేది ఇక్కడే. నాంపల్లి నుంచి లక్డీకాపూల్, మాసబ్‌ట్యాంక్ మీదుగా వెళ్తే మెహిదీపట్నంలో ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది. వెళ్లేటప్పుడు నోటుబుక్కు తీసుకెళ్లండి.

చీటీ చేతికొచ్చాక దుకాణంలో అడగాల్సిన మాట ఒకటుంది: "అన్నా, పీడీ కొలిచారా?" పీడీ అంటే రెండు కంటిపాపల మధ్య దూరం. కటకాల మధ్యబిందువులు సరిగ్గా ఆ పాపల ఎదురుగా రావాలి. పక్కకు జరిగితే కటకం చూపును పక్కకు లాగుతుంది. పవర్ రెండు డయాప్టర్లు ఉండి, ఒక్కో కటకం ఐదు మిల్లీమీటర్లు జరిగితే, ఒక్కో కంటికి ఒక ప్రిజమ్ డయాప్టర్ లాగుడు. దాన్ని సరిచేయడానికి కంటి కండరాలు రోజంతా పనిచేస్తూ ఉండాలి. నంబర్ కరెక్టే, అయినా కొత్త అద్దాలతో తలనొప్పి మొదలైందంటే తరచుగా దోషం ఇక్కడుంటుంది. కొత్త అద్దాలకు అలవాటుపడడానికి ఒకటి రెండు వారాలు పట్టొచ్చు. ఆ తర్వాత కూడా ఇబ్బందైతే తిరిగి తీసుకెళ్లి మధ్యబిందువులూ సిలిండర్ కోణమూ చెక్ చేయించండి. మొహమాటపడకండి.

రెడీమేడ్ చదువు అద్దాల విషయమూ ఇంతే. వాటిలో రెండు కళ్లకూ ఒకే పవర్, సిలిండర్ ఉండదు, పీడీ సగటు మనిషిది. పేపర్ హెడ్డింగులు చూసుకోవడానికి పరవాలేదు. రోజంతా పనికి కాదు. తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 15న మొదలుపెట్టిన కంటి వెలుగులో, 2023 జనవరిలో వచ్చిన రెండో విడతలో చాలామందికి చదువు అద్దాలు ఉచితంగా అందాయి. అవే ఇంకా వాడుతుంటే నంబర్ మళ్లీ చూపించుకోండి. నలభై నుంచి అరవై దాకా చత్వారం పెరుగుతూనే ఉంటుంది.

నీలికాంతిని ఆపే పూతకు అదనంగా అడిగితే తొందరపడొద్దు. ఆ అద్దాల మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష 2023లో వచ్చింది. కంప్యూటర్ వల్ల కలిగే కంటి అలసటను అవి స్వల్పకాలంలో తగ్గించకపోవచ్చని తేల్చింది.

పనిచేసే చోట

ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరాన్ని ఇరవై సెకన్లు చూడమంటారు. ఇరవై అడుగులంటే ఆరు మీటర్లు, కంటి కండరం సడలే దూరం. కౌంటర్ రోడ్డు వైపు ఉంటే అవతలి షాపు బోర్డు చదవండి. లోపలి గదిలో ఉంటే లేచి తలుపు దాకా రండి. మధ్యాహ్నం పది నిమిషాలు దొరికితే, నాంపల్లిలో పనిచేసేవాళ్లకు పబ్లిక్ గార్డెన్స్ దగ్గరే. అక్కడికెళ్లి ఫోన్ తీయకపోతేనే ఫలితం.

కంప్యూటర్ తెర చెయ్యి చాచినంత దూరంలో, పై అంచు కంటి మట్టానికి కాస్త కిందుగా ఉండాలి. ప్రోగ్రెసివ్ అద్దాలు వాడేవాళ్లు తెరను ఇంకా దించుకోవాలి. లేకపోతే కింది భాగంలోంచి చూడ్డానికి రోజంతా గడ్డం ఎత్తి కూర్చుంటారు. ఆ నొప్పి మెడ వెనక మొదలై తలకెక్కుతుంది, నింద కళ్ల మీద పడుతుంది. ఏసీ గాలి, ఫ్యాన్ గాలి నేరుగా మొహం మీద కొట్టకుండా చూసుకోండి. వెలుగుతున్న ట్యూబ్‌లైటు తెరలో కనిపిస్తుంటే తెరను తిప్పండి. రెప్పలు పూర్తిగా మూసి తెరవడం గుర్తుచేసుకోండి. ఎరుపు తగ్గించే చుక్కలు, స్టెరాయిడ్ చుక్కలు సొంతంగా వేసుకోవద్దు. స్టెరాయిడ్ చుక్కలు ఎక్కువకాలం వాడితే గ్లాకోమా, శుక్లం రావచ్చు.

మాత్రలు ఎన్ని?

నోటుబుక్కులో మాత్రల గడి ఎందుకు పెట్టామంటే, తలనొప్పి మాత్రలే తలనొప్పిని నిలబెట్టగలవు. పారాసెటమాల్ లాంటి ఒంటి మందును నెలకు 15 రోజులు, కెఫీన్ లాంటివి కలిపిన మాత్రల్ని నెలకు 10 రోజులు, అలా మూడు నెలలకు మించి వాడితే, మందు దిగిన ప్రతిసారీ కొత్త నొప్పి పుట్టే స్థితి వస్తుంది. గడిలో టిక్కులు ఆ లెక్కకు దగ్గరపడుతుంటే కొత్త మాత్ర వెతకొద్దు, డాక్టర్ సలహాతో పాతది మాన్పించుకోవాలి.

పుస్తకం పక్కనపెట్టి పరుగెత్తాల్సినవి

కన్ను ఎర్రబడి, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తూ, చూపు మసకబారి, తలనొప్పితో వాంతులైతే కంటి ప్రెషర్ ఒక్కసారిగా పెరిగిందేమో అనుమానించాలి. గంటలు గడిస్తే చూపు పోవచ్చు. యాభై దాటినవాళ్లకు కొత్తగా కణత నొప్పి, దువ్వుకుంటే నొప్పి, నమిలితే దవడ నొప్పి వస్తే అదే రోజు చూపించాలి. పిడుగు పడ్డట్టు క్షణాల్లో తారస్థాయికి చేరిన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, చేయి కాలు బలహీనపడడం, మాట తడబడడం, కొత్తగా ఒకటి రెండుగా కనిపించడం, వంగినా దగ్గినా పెరిగే నొప్పి, తలకు దెబ్బ తగిలాక వచ్చిన నొప్పి — వీటిలో ఏ ఒక్కటున్నా ఆసుపత్రికే.

ఈ అధ్యాయం అభ్యాసం

రెండు వారాలు రాశాక ఈ వాక్యంలో ఖాళీలు నింపండి: "నా తలనొప్పి ఎక్కువగా ____ గంటలకు, ____ చేస్తున్నప్పుడు వస్తుంది. ____ చేస్తే తగ్గుతుంది. నెలలో ____ రోజులు మాత్ర వేసుకుంటున్నాను."

మొదటి మూడు ఖాళీల్లోనూ దగ్గరి పని, దానికి విరామం కనిపిస్తే ముందు వారం రోజులు తెర దూరం, అక్షరాల సైజు, విరామాలు మార్చి చూడండి. మార్పు వచ్చినా రాకపోయినా కళ్ల పరీక్ష చేయించుకోండి. నాలుగో ఖాళీలో పది దాటితే మొదటి పని డాక్టర్ సలహాతో మాత్రలు తగ్గించుకోవడమే. ఏ గంటా, ఏ పనీ కుదరక ఖాళీలు ఖాళీగానే మిగిలితే, అది కూడా ఒక జవాబే: కళ్లజోడు కొనకండి, ఆ పుస్తకం పట్టుకుని ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి. "ఎప్పుడూ ఉంటుంది సార్" అని చెప్పి వచ్చే రోగి కంటే, తేదీలు చూపించే రోగికి సరైన మందు త్వరగా దొరుకుతుంది.